పాట ఎత్తుకున్నది ఎవరు

శంకర్ నగర్‌లో బట్టల కొట్టు పైనున్న రేకుల హాల్లో తెలుగు క్రైస్తవ సంఘం ఒకటి కూడుకుంటుంది. అక్కడ ఆడవాళ్లు నోరు విప్పకూడదు. మగవాళ్లయితే మోకాలి నొప్పి తగ్గిందని అరగంటసేపు సాక్ష్యం చెప్పుకోవచ్చు. ఆడవాళ్లకు మిగిల్చిందల్లా పాట ఎత్తుకోవడం. పదిహేనేళ్లుగా ఆ పని సరోజినిది. ఎవరైనా తడబడినా, ఎక్కడైనా ఖాళీ వచ్చినా ఆమె గొంతు లేస్తుంది, వెంటనే హాలంతా అందుకుంటుంది. పాస్టరు సత్తిరాజు అయ్యగారికి ఆ గొంతంటే ప్రాణం.

ఆ ఆదివారం మాత్రం సరోజిని మాట్లాడాలని వచ్చింది.

పక్కన కూతురు లహరి, కుడిచేతికి ప్లాస్టరు. పెళ్లయి పది నెలలు. అల్లుడు ధనుంజయ్ అయ్యగారి తమ్ముడి కొడుకు. మెట్ల మీంచి పడిందని ఆసుపత్రిలో రాయించమన్నారు అత్తింటివాళ్లు, రాయించారు. సంఘ పెద్దలు ముగ్గురు సరోజిని ఇంటికొచ్చి, టీ తాగి, భార్య లోబడి ఉంటే భర్త చెయ్యెందుకు ఎత్తుతాడని తేల్చేశారు. ఆదివారం అందరి ముందూ పిల్లని భర్తకు అప్పగిస్తామన్నారు. సరోజిని మొగుడు దానయ్యకు సిల్తారా ప్లాంటులో ఉద్యోగం ఇప్పించింది వాళ్లే. అందుకని ఆ మహానుభావుడు కిమ్మనకుండా వాళ్ల చెప్పులు సర్ది పెట్టాడు.

శనివారం పొద్దున్న కూతురికి జడ వేస్తూ సరోజిని చెప్పింది.

"రేపు లేచి ఉన్నదున్నట్టు సెప్పేస్తానే. నిన్ను పంపను."

"వొద్దమ్మా."

"ఏటి వొద్దు? నువ్వు చుప్‌గా కూచో."

లహరి ఎడం చేత్తో రబ్బరు బ్యాండు అందించింది. ఒప్పుకుందనుకుంది సరోజిని. ఆ పిల్లకేం కావాలో అడగాలని ఆమెకూ తోచలేదు.

ఎనిమిదేళ్ల కిందట ఇదే హాల్లో రజని అనే ఆవిడ లేచి, మొగుడు పెట్టే బాధలు చెప్పబోయింది. రెండో మాట పడకుండానే సరోజిని పాట ఎత్తుకుంది. ఎవరూ చెప్పలేదు, అలవాటుగా ఎత్తుకుంది. రజని పెదవులు కదులుతూనే ఉన్నాయి. పదమూడేళ్ల లహరి కూడా పక్కనే కూర్చుని చప్పట్లు కొట్టింది. పాస్టరు భార్య, అందరూ అమ్మగారనే ఆవిడ, మెచ్చుకుని సరోజినికి చీర పెట్టింది. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్లకు రజనిని దూరం చేశారు. ఏడాది తిరక్కుండానే ఆవిడ పోయింది. ఎలా పోయిందని ఎవరూ అడగలేదు. సరోజినీ అడగలేదు.

బల్ల ఆరాధన అయ్యాక అయ్యగారు పిలిచాడు.

"లహరమ్మా, ముందుకి రా తల్లీ."

కూతురు ఎడం చేత్తో ముసుగు సర్దుకునేలోపే సరోజిని లేచి నిలబడింది.

"అయ్యగారూ, నా పిల్ల మెట్ల మీంచి పడలేదు. మీ అబ్బాయే చెయ్యి విరిచేశాడు."

మగవాళ్ల వైపు కూర్చున్న ధనుంజయ్ అత్త వంక చూడలేదు. పెళ్లాం వంకే చూస్తున్నాడు.

"ఇంకోసారి పంపితే నాకు పిల్ల దక్కదు, మీరంతా..."

పాట లేచింది. తను మామూలుగా ఎత్తుకునే శ్రుతి, తను నేర్పిన ఎత్తుగడ. సరోజిని పక్కకు తిరిగింది. లహరి కళ్లు మూసుకుని, ప్లాస్టరు చెయ్యి గుండెకు అదుముకుని పాడుతోంది. హాలంతా హమ్మయ్య అన్నట్టు అందుకుంది. చప్పట్లు మోగాయి. సరోజిని గొంతు చించుకుని అరిచింది, ఆ అరుపు ఆమెకే వినబడలేదు. దానయ్య వచ్చి రెక్క పట్టుకుని కూర్చోబెట్టాడు.

అంతా ముగిశాక కింద ధనుంజయ్ బండి తీస్తుంటే సరోజిని కూతురి భుజం పట్టుకుంది.

"ఎందుకే పాడేవు?"

"నువ్వు ఆగవు కదమ్మా. నువ్వనే ఒక్కో మాటకీ ఇంటికెళ్లేక నాకు పడతాయి. వొద్దన్నాను కదా."

సరోజిని భుజం వదిలేసింది. రజని ఆ రోజు తన వంక ఎలా చూసిందో గుర్తు తెచ్చుకోబోయింది. ఆమె ముఖమే గుర్తు రాలేదు.

లహరి బండెక్కి పక్కకు కూర్చుంది, ఎడం చేత్తో మొగుడి చొక్కా పట్టుకుంది. ఇంతలో అమ్మగారు కింది కొట్లోంచి నవ్వుతూ వచ్చి, లహరి ఒళ్లో ఓ చీర కవరు పెట్టింది.

"వచ్చే ఆదివారం నుంచి పాటలు నువ్వే ఎత్తుకోవాలమ్మా," అంది.

లహరి తలూపింది. బండి కదిలింది.