పచ్చగా వెలిగిన పిండి

ఆత్మకూర్‌లో ఉండే గోపమ్మకు తెల్లటి పిండి అంటే భయం. పలుగురాళ్లను పిండి పట్టే మిల్లులో పనిచేసి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని ఆమె భర్త కాటమయ్య పోయాడు. ఎండాకాలం సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చిన కూతురు మంజులత సంచిలో చిన్న సీసా, దాన్నిండా తెల్లటి పిండి కనబడేసరికి గోపమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇదేందే?"

"సిలికానమ్మా. పలుగురాళ్ల ఉండేదే. మా ల్యాబుల తయారుచేస్తం."

"మీ బాపును తిన్న దుమ్ములనే నువ్వు పనిచేస్తున్నవా?"

ఆ పూట గోపమ్మ అన్నం ముట్టలేదు. సెలవులు అయిపోగానే, కూతురిని చదువు మాన్పించి తీసుకొస్తానని తనూ బస్సెక్కింది.

దారిలో మంజులత నెమ్మదిగా చెప్పింది. "మిల్లుల రాయి పగలగొడితే పెచ్చులు ఊపిరితిత్తులను కోస్తయమ్మా. మాది నీళ్లల్ల గుండ్రంగ పెరుగుతది. దాని సన్నటి బొక్కలల్ల మందు నింపుతం. పైన జన్యువు అంటించి కణం లోపలికి పంపుతం."

వేడిగాలికి గోపమ్మ కళ్లు మూతలుపడ్డాయి. సగం నిద్రలో తెల్లటి నలుసులు దూదిపింజల్లా తేలిపోతున్నాయి. ఒక్కోదాని వీపున ఒక్కో చిన్న మూట.

ల్యాబులో చీకటి గది. సూక్ష్మదర్శినిలో గోపమ్మకు మొదట ఏమీ కనబడలేదు. చూపు కుదురుకున్నాక పచ్చటి చుక్కలు, జొన్నచేనులో మిణుగురుల్లా, ఒకటొకటే తేలాయి.

"మనిషి ఒంట్ల ఉండేటసొంటి కణాలమ్మా. వెలుగునిచ్చే జన్యువును మా పిండి మోసుకపోయింది."

"పిండి లోపలికి పోతే అవి సావలేదా?"

"లేదు. బతికి ఉన్నయి గనుకనే వెలుగుతున్నయి."

గోపమ్మ చాలాసేపు కన్ను తీయలేదు. "గిది అప్పుడుంటే మీ బాపు బతికెటోడా?"

"బతకకపోతుండె అమ్మా. గిది ఇంకా ల్యాబు గిన్నెలల్లనే ఉన్నది. మనిషి దాకా రాలే."

కూతురు తనను మభ్యపెట్టనందుకు గోపమ్మ గుండె నిమ్మళించింది. చదువు మాన్పించే మాట ఎత్తలేదు. "ముక్కుకు గుడ్డ కట్టుకోకుండ దాన్ని ముట్టకు బిడ్డా" అంది. కట్టుకుంటానంది మంజులత.

గోపమ్మ మళ్లీ వంగింది.

"ఈ రెండు చుక్కలు అంటుకొని ఉన్నయేందే?"

"ఒక్క కణమే పెరిగి రెండయ్యిందమ్మా."

వెనక ఇంకో విద్యార్థి తన వంతు కోసం నిలబడ్డాడు. గోపమ్మ అక్కడి నుంచి కదల్లేదు.