అరగంట

నిన్నటి గ్రీజు మీద దుమ్ము పేరుకుంది. శివమ్మ చీరపేలికతో తూము తలుపు ఎత్తే మరను కిందినుంచి పైకి తుడిచి, ఒక్కో గాడిలో గోరు పెట్టి మట్టి గీకి, డబ్బాలోంచి కొత్త గ్రీజు తీసి రాస్తోంది. యాభైరెండేళ్ల మనిషి. పొట్టి, గట్టి. కుడి భుజం ఎడమదానికంటే కాస్త దిగి ఉంటుంది. నాలుగేళ్లుగా ఇనుప హ్యాండిలు మోసిన భుజం అది. చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుని, చెవులకు తువ్వాలు చుట్టుకుంది. మాఘమాసపు చలికి మైలవరం నుంచి వచ్చే కాలువనీళ్ల మీద మంచు ఇంకా విడవలేదు.

ఆమె ఉద్యోగం పేరు లస్కరు. పిల్లకాలువ మీద పదకొండు తూములు ఆమెవి. ఎవరి వంతు వస్తే వాళ్ల తూము ఎత్తాలి, గంటలు అయిపోతే దించాలి. అన్ని తూములకూ హ్యాండిలు ఒకటే. గట్టుమీద వదిలేస్తే ఎవరి చేతికి వస్తే వాళ్లు తిప్పుకుంటారు కనక సాయంత్రం ఇంటికి మోసుకుపోయి పొద్దున మళ్లీ మోసుకురావాలి. దాని పిడికి నల్లటి సైకిలు ట్యూబు చుట్టి ఉంటుంది. చుట్టినవాడు ఆమె మొగుడు ఓబులేసు. ఆమెకంటే ముందు ఈ ఉద్యోగం అతనిదే.

ఈరోజు ఏడో తూము వంతు, ఎనిమిది నుంచి రెండు దాకా. దానికింద ఇరవై రెండెకరాలూ గుణశేఖర్ రెడ్డివే.

ఆ పేరు నోట్లోకి వస్తే శివమ్మ ఉమ్మేస్తుంది. ఆరేళ్ల కిందట ఆయన పార్టీ గెలిచిన కొత్తలో, ఇదే గట్టు మీద, వంతు అయిపోయాక ఇంకో అరగంట ఉండనీయమన్నాడు. ఓబులేసు వినలేదు. "వంతు అయిపాయ రెడ్డీ. కింద వాళ్లది మొదలాయ" అని తూము దించేశాడు. ఎనిమిదో రోజుకు ఆయన లెటరు మీద బదిలీ కాగితం వచ్చింది. పులివెందుల అవతల ఎక్కడో పంపుహౌసు. పద్నాలుగు నెలలు జమ్మలమడుగు నుంచి పోతూ వస్తూ, ఒక సాయంత్రం తిరుగుబస్సులో సీట్లోనే పోయాడు. "దిగప్పా, జమ్మలమడుగు వచ్చింది" అని కండక్టరు భుజం తట్టి లేపితే ఒరిగాడంట.

చావుకంటే తర్వాత జరిగిందే ఆమెను ఎక్కువ కాల్చింది. మొగుడు సర్వీసులో ఉండగా పోతే భార్యకు ఉద్యోగం ఇవ్వాలని రూలు ఉంది, ఈ ఉద్యోగం ఆ రూలు మీద వచ్చింది. ఎవరి దయా కాదు. గుణశేఖర్ రెడ్డి మాత్రం అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నేనే ఇప్పించినా అని ఊరంతా చెప్పుకున్నాడు. నలుగురూ కలిసి ఆమెను ప్రొద్దుటూరులోని ఆయన ఇంటికి లాక్కుపోయి, శాలువా కప్పించి, చేతులు జోడించి నిలబెట్టారు. జోడించింది. ఆ చేతులను ఇంటికొచ్చి మూడుసార్లు కడుక్కుంది. అప్పటినుంచీ ఈ మరకు గ్రీజు పూసిన ప్రతిరోజూ ఆమె ఒకటే అనుకుంటుంది: నీకూ ఒక రోజు వస్తుంది రెడ్డీ, ఆరోజు ఈ హ్యాండిలు నా చేతిలోనే ఉంటుంది.

ఏడు గంటలకు బైకు మీద శరత్ చంద్ర వచ్చాడు. ప్రభుత్వం మారాక నీటి సంఘానికి అధ్యక్షుడైనవాడు. ఎన్నిక అన్నారు గానీ, చేతులెత్తమన్నారు, ఎత్తారు. ముప్పై ఏళ్లుంటాయి, తెల్లచొక్కా నలగలేదు.

"అత్తా, ఈపొద్దు ఏడో తూము ఎత్తొద్దు."

"వంతు వాళ్లదే గదప్పా."

"వంతూ లేదు గింతూ లేదు. వరి పొట్టమీదుంది. ఈ తడి తప్పితే అంతా తాలే. కాలవ ఇప్పుడెవరిదో ఆయప్పకు తెలియాల గదా." బైకు దిగకుండానే గొంతు తగ్గించాడు. "నీ మొగుణ్ని పొట్టనబెట్టుకున్నోడు వాడు. నీ పగ నేను తీరుస్తాండా. నువ్వు చేసేదేం లేదు, ఊరికే కూచో."

"కూచోకపోతే?"

"మా పెద్దమ్మ కొడుకు కాళీగా ఉండాడు. లెటరు టైపయింది, సంతకమే తక్కువ."

అతను పోయాక శివమ్మ సెక్షన్ ఆఫీసుకు ఫోను చేసింది. ఇంజనీరు మంజుశ్రీ మేడం తీసింది. పరీక్ష రాసి, ఏ సిఫారసూ లేకుండా ఉద్యోగం తెచ్చుకున్న పిల్ల. మూడేళ్లలో గోడమీద పిల్లిలా ఉండడం నేర్చుకుంది.

"మేడం, ఏడో తూము ఎత్తొద్దంటాండారు. ఎత్తాల్నా, వద్దా?"

"షెడ్యూలు నీ దగ్గరుంది కదా."

"అంటే ఎత్తమనా?"

"నేనట్ల చెప్పలేదు."

"వద్దనా?"

"అదీ చెప్పలేదు శివమ్మా. అక్కడి పరిస్థితి చూసి నువ్వే చేసుకో."

"ఏదో ఒకటి కాయితం మీద రాసియ్యండి మేడం."

ఫోను కట్ అయింది.

ఎనిమిదికి ఇంకా ఇరవై నిమిషాలుంది. శివమ్మ తూము గట్టు మీద హ్యాండిలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా గుణశేఖర్ రెడ్డి వరి, పచ్చగా, పొట్టలు ఉబ్బి, మడి బీటలిచ్చి. ఎన్నాళ్లుగా అడిగిన వరాన్ని ఆకులో వడ్డించి ముందు పెట్టారు. కదలకుండా కూర్చుంటే చాలు. గుప్పెడు తాలు ఏరి ఆయన దోసిట్లో పోయాలని ఎన్ని రాత్రులు అనుకోలేదు!

అనుకునేకొద్దీ ఆమెకు వేరే మంట లేచింది. తూము ఎత్తకపోతే గుణశేఖర్ రెడ్డి ఎవరిని తిడతాడు? శరత్ చంద్రను. ఎవరికి భయపడతాడు? ఆ పార్టీకి. రేపు వీళ్లు ఓడితే మళ్లీ వాళ్లొచ్చి వీళ్ల పొలం ఎండగొడతారు. వాళ్లకూ వాళ్లకూ అది మామూలే, పెళ్లిలో ఒకరి చదివింపులు ఒకరు తిరగచదివించుకున్నట్టు. అందులో ఓబులేసు పేరు ఎక్కడుంది? ఉద్యోగం తానిప్పించానని ఒకడు మింగేశాడు. పగ తాను తీర్చానని ఇంకొకడు మింగడానికి వచ్చాడు. తన దగ్గర మిగిలిందల్లా ఈ పగ ఒక్కటే. దీన్ని ఎవడికీ ఇవ్వదు.

ఓబులేసు చేతిగడియారంలో ఎనిమిది కాగానే లేచి, హ్యాండిలు మరకు తగిలించి, ముప్పై ఆరు చుట్లు తిప్పింది. నీళ్లు బుస్సుమని రెడ్డి మళ్ల వైపు దూకాయి. లాగ్‌బుక్కులో టైము రాసింది. తర్వాత గట్టు నీడన కూర్చుని సద్ది తిని, రెండు గంటల కోసం ఎదురుచూసింది.

ఒంటిగంటన్నరకు గట్టు కింద తెల్లకారు ఆగింది. ఒకప్పుడు దాని వెనక ఆరు కార్లు ఉండేవి. ఓడలు బళ్లయ్యాయి. గుణశేఖర్ రెడ్డి ఒక్కడే దిగాడు. జుట్టుకు వేసిన రంగు సగం దిగిపోయింది, చెప్పులకు బురద. పొలమంతా చుట్టి, రెండింటికి ఐదు నిమిషాలు ఉందనగా ఆయాసపడుతూ గట్టెక్కాడు.

"శివమ్మే గదా నీ పేరు? వాళ్లు వద్దన్నా ఎత్తినావంట. మన మనిషివి అనిపించుకున్నావు. నేనిప్పించిన ఉద్యోగం ఊరికే పోలా."

ఈ రోజును కూడా తనదే అంటున్నాడు.

"నేనెవరి మనిషినీ కాదు రెడ్డీ. నీ వంతు, ఎత్తినా."

"సరేలేమ్మా. కాలవలో తుంగ పెరిగిపాయ, తీద్దామంటే కూలోళ్లు ఎవరూ రాకపాయ. నీళ్లు శానా నిదానంగా పార్నాయి. ఇంకా ఎనిమిదెకరాలు తడవాల. ఒక్క అరగంట ఉండనీ."

అరగంట. అదే మాట, అదే గట్టు, అదే నోరు. ఆమె గడియారం చూసుకుంది. రెండు. లేచి హ్యాండిలు తగిలించింది.

"ఓబులేసు గుర్తుండాడా రెడ్డీ?"

"ఏ ఓబులేసు?"

మొదటి చుట్టు తిప్పింది. మర కిర్రుమంది.

"ఈడనే, ఇదే అరగంట అడిగితివి. ఇయ్యనన్యాడు. నువ్వు లెటరు రాస్తివి." మాటకో చుట్టు తిప్పుతోంది. "లస్కరు ఓబులేసు. నా మొగుడు."

ఆయన మొహంలో మొదట ఏమీ లేదు. లెటర్లు ఎన్ని రాశాడో ఆయనకే తెలియదు. నీళ్ల మోత సగానికి తగ్గాక నోరు తెరిచాడు.

"పులివెందులకు పంపిచ్చినా... ఆ మనిషా?"

"ఆ. తిరుగుబస్సులో సచ్చిపాయ. మీ ఇంట్లో నాకు శాలువా కప్పితివే, ఆ మనిషి పెండ్లామని తెలీకనే కప్పితివా?"

"అమ్మా, అదంతా అప్పటి సంగతి. ఎనిమిదెకరాలు! మళ్లీ వంతు పదిదినాలకు గానీ రాదు. అంతా తాలయిపోతాది." చెయ్యి హ్యాండిలు వైపు సాగి, ఆమె చూపు చూసి ఆగిపోయింది. తర్వాత రెండు చేతులూ ఒకదానికొకటి చేరుకున్నాయి. గుణశేఖర్ రెడ్డి లస్కరు ముందు దండం పెట్టాడు.

శివమ్మ ఆ చేతుల్ని తనివితీరా చూసింది. ప్రొద్దుటూరులో తను ఎలా జోడించి నిలబడిందో, ఇప్పుడు ఆయన అలాగే నిలబడ్డాడు.

"వంతు అయిపాయ రెడ్డీ" అంది. "కింద వాళ్లది మొదలాయ."

ఆఖరి చుట్టు తిప్పింది. తలుపు అడుగు తాకి ఠక్కుమంది. నీళ్లు ఎనిమిదో తూము వైపు తిరిగాయి. ఆమె లాగ్‌బుక్కులో రెండు గంటల నాలుగు నిమిషాలు అని రాసి, పుస్తకం చంకలో పెట్టుకుని కిందికి నడిచింది. జాలేమైనా కలుగుతుందేమోనని ఒకసారి లోపల వెతుక్కుంది. లేదు. కడుపు నిండినట్టుంది.

నాలుగు గంటలకు ఫోనులో కాగితం వచ్చింది. శరత్ చంద్ర మాట తప్పేవాడు కాదు. పులివెందుల అవతల పంపుహౌసుకు డిప్యుటేషను, రేపే చేరాలి. ఓబులేసు పనిచేసిన పంపుహౌసే. శివమ్మ గట్టుమీద ఒక్కతే పగలబడి నవ్వింది. మనుషులు మారారు, పార్టీలు మారాయి, వీళ్లకు ఇంకో ఊరి పేరు కూడా తట్టలేదు.

సెక్షన్ ఆఫీసులో మంజుశ్రీ మేడం తల ఎత్తలేదు.

"హ్యాండిలు తెచ్చినా మేడం. ముట్టినట్టు సంతకం పెట్టండి."

మేడం సంతకం పెట్టింది. "నిన్ను పంపాలని నాకు లేదు శివమ్మా" అంది చిన్నగా.

"మీకు ఏదీ ఉండదు గదా మేడం" అంది శివమ్మ. కోపంగా కూడా అనలేదు.

పిడికి చుట్టిన ట్యూబు కొస మీద బొటనవేలు పెట్టి, విప్పుకుపోదామా అని ఒక్క క్షణం ఆలోచించి, వదిలేసింది. చొక్కా, గడియారం తనతో వస్తున్నాయి, చాలు. పొద్దున పులివెందులకు మొదటి బస్సు ఎన్ని గంటలకో కనుక్కోవడానికి బస్టాండు వైపు నడిచింది.

మేడం టేబులు మీద, ఫైళ్ల మధ్య, హ్యాండిలు అడ్డంగా పడి ఉంది. దాని పిడి మీద నల్లటి ట్యూబులో ఓబులేసు వేళ్లు నొక్కిన నాలుగు గుంతలు, వాటి లోపల ఇంకాస్త సన్నగా మరో నాలుగు.