నీళ్ళ దురద

మా ఆవిడ పోయిన రోజు ఉదయం కూడా కుళాయి వేళకే వచ్చింది. ఇంటినిండా మనుషులున్నారు. నేను లేచి వెళ్ళి బకెట్ పెట్టాను. "మాస్టారూ, మీరు కూర్చోండి" అన్నారెవరో. బకెట్ నిండేదాకా కూర్చోలేదు.

మా ఊరి నీళ్ళు చూడటానికి తేటగానే ఉంటాయి. కాచి చూస్తే తెలుస్తుంది. కెటిల్ మూత తీస్తే లోపలి గోడలకి బూడిదరంగు పెచ్చు. టీ చల్లారితే పైన పొర కడుతుంది, చెంచాతో తోస్తే ముక్కలై కప్పు అంచుకి అతుక్కుంటుంది. సబ్బు నురగ రాదు. అరచేతిలో విరిగిపోయి, వేళ్ళ సందుల్లో జిగురుగా నిలిచిపోతుంది. స్నానం చేసి వచ్చినవాడికి మళ్ళీ స్నానం చెయ్యాలనిపిస్తుంది. ఆరేసిన చొక్కా తీస్తే అట్టముక్కలా చేతిలో నిలబడుతుంది. అదే తొడుక్కుని బడికి వెళతాను.

అందుకే ఊరంతా గోక్కుంటుంది. స్టాఫ్‌రూమ్‌లో, బస్సులో, దుకాణంలో బేరమాడుతూ గోక్కుంటారు. ఎందుకని ఎవరూ ఎవరినీ అడగరు. జుట్టు రాలితే నీళ్ళు. నీరసంగా ఉంటే నీళ్ళు. ఆకలి చచ్చిపోతే అదీ నీళ్ళే. అన్నీ ఆ కుళాయి మీదకి తోసేసి నిశ్చింతగా ఉంటాం.

మా ఆవిడ ఇంట్లోనే బట్టలు కుట్టేది. మిషన్ తొక్కడం ఆపి ఒక కాలితో ఇంకో కాలిని రుద్దుకునేది. తరవాత కొలతలకి వాడే చెక్కస్కేలు తీసుకుని గోక్కోవడం మొదలుపెట్టింది. స్కేలు అంచుకి చర్మం పొట్టు అంటుకుని ఉండేది. దాన్ని చూసి నేను ముఖం తిప్పుకునేవాణ్ణి. ఆ సంగతి ఆమె గమనించిందనే అనుకుంటున్నాను.

ఒక రోజు సూదిలో దారం ఎక్కిస్తూ అడిగింది.

"ఏమండీ, ఒకసారి డాక్టరుకి చూపించుకుంటేనో?"

నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. తల ఎత్తలేదు.

"ఊరంతా గోక్కుంటోంది. ఊరంతటినీ బస్సెక్కించి తీసుకెళ్ళమంటావా?"

ఆమె నవ్వింది. "మీతో మాట్లాడి గెలవలేను బాబూ" అంది. మళ్ళీ అడగలేదు.

నాలుగు నెలల తరవాత, ఆమె కళ్ళు పచ్చబడ్డాక వెళ్ళాం.

"దురద ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు డాక్టరు.

"మా ఊళ్ళో అందరికీ ఉంటుందండీ. నీళ్ళు మంచివి కావు" అన్నాను నేను.

ఆయన నా వంక చూసి, మళ్ళీ ఆమెనే అడిగాడు. కాలేయం చెడితే కూడా ఒళ్ళు దురద పెడుతుందని ఆ రోజు తెలిసింది. కాస్త ముందుగా వచ్చి ఉంటే బాగుండేదన్నాడు.

ఆమె పోయిన మూడో నెలలో స్నానాలగదిలో నీళ్ళు దిగడం మానేశాయి. చీలమండల దాకా మురికినీళ్ళలో నిలబడి స్నానం చేసేవాణ్ణి. సబ్బు తెట్టు కాళ్ళకి చుట్టుకునేది. వారం రోజులు ఓర్చుకున్నాను. తరవాత మా తోడల్లుణ్ణి పిలిచాను. అతను ప్లంబరు. మా మరదలూ అతని వెంట వచ్చింది, అక్క లేని ఇల్లు ఎలా ఉందో చూడటానికి.

అతను తూము మీది జాలీ తీసి ఇనుపతీగ లోపలికి దోపాడు. మరదలు టార్చిలైటు పట్టుకుంది.

"అన్నయ్యగారూ, ఇది పైపా, సున్నపు బట్టీయా? ఇంకో ఏడాది ఆగి ఉంటే ఇటుకలే తీసిచ్చేవాణ్ణి. గోడ కట్టుకునేవారు."

"ముందు పని చూడండి, గోడలు తరవాత" అంది మరదలు.

తీగ లాగాడు. దాంతోపాటు ఒక ముద్ద బయటికొచ్చింది. సబ్బూ సున్నం కలిసి గడ్డకట్టిన ముద్ద. కొవ్వులా తెల్లగా ఉంది, నాచులా జారుతోంది. కుళ్ళు కంపు గదంతా నిండింది. అప్పుడు చూశాను, ముద్దనిండా పొడవాటి వెంట్రుకలు. ఈ ఇంట్లో పొడవాటి జుట్టు ఒక్కరికే ఉండేది.

తోడల్లుడు ఇంకేదో పరాచికం ఆడబోయి ఆగాడు. ముద్దని పాత పేపర్లో చుట్టి గోడవారగా పెట్టాడు. ఆ జుట్టుని నేను ముట్టుకోలేదు. ముట్టుకోవాలని కూడా అనిపించలేదు. నేను చేసిన తప్పుల్లో అదీ ఒకటి.

మరదలు టార్చి వెనకవైపుతో మోచెయ్యి గోక్కుంది.

"పాడు నీళ్ళు. ఒకటే దురద."

"ఎన్నాళ్ళ నుంచి?"

డాక్టరు అడిగినట్టే అడిగాను. ఆమె తెల్లబోయింది.

"పది రోజులేమో. దానికేముంది బావా, నీళ్ళేగా."

"రేపు ఆసుపత్రికి వెళదాం."

"దురదకా! డాక్టరు పడీ పడీ నవ్వుతాడు."

"నవ్వనీ."

"వెళ్ళవే" అన్నాడు తోడల్లుడు. "సూది చూస్తే నువ్వు పెట్టే కేకలకి ఆసుపత్రి వాళ్ళకీ కాస్త కాలక్షేపం."

"మీరు మీ పైపు చూసుకోండి."

మర్నాడు బడికి సెలవు పెట్టాను. రక్తం ఇచ్చింది, కేకలు పెట్టలేదు. ఫలితం రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ స్టాఫ్‌రూమ్‌లో కూర్చోలేకపోయాను. ఎవరి గోళ్ళు ఎవరి చర్మం మీద గీసుకున్నా ఆ చప్పుడు నా పళ్ళలో వినిపించేది. వరండాలో నిలబడి అన్నం డబ్బా తెరిచి, మళ్ళీ మూసేసేవాణ్ణి.

మూడో రోజు డాక్టరు కాగితం చూసి పక్కన పెట్టాడు. ఏమీ లేదు, చర్మం పొడిబారిందంతే, ఈ నీళ్ళకి ఇంతే అన్నాడు. పూసుకోవడానికి మందు రాశాడు.

బయట మెట్ల దగ్గర కుళాయి ఒకటి కారుతోంది. దాని మూతికి తెల్లటి పుండులా సున్నం కట్టి ఉంది. మరదలు దానివైపు చెయ్యి చూపించింది.

"చూశారా? నీళ్ళేనని మొత్తుకున్నాను. ఊరికే భయపడ్డారు."

నవ్వుతూనే పైటకొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"అక్క ఒక్క మాట అని ఉంటే, మీరు తననీ ఇలాగే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవారు. ఒక్క మాట! ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. మొండి మనిషి."

"బస్సొస్తోంది, పద" అన్నాను.

ఆ సాయంత్రం గోడవారనున్న పేపరు పొట్లం తీసుకెళ్ళి చెత్తకుండీలో వేశాను. చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. సబ్బు విరిగిపోయి గోళ్ళకింద ఉండిపోయింది.

ఇప్పుడు స్నానాలగదిలో నీళ్ళు బాగానే దిగుతున్నాయి. మా మరదలి మోచెయ్యి నయమైంది. వచ్చినప్పుడల్లా అక్క మొండితనాన్ని తలుచుకుని తిడుతుంది, ఏడుస్తుంది. వాళ్ళక్క అడిగిందనీ, పేపర్లు దిద్దుతూ నేనేమన్నాననీ ఆమెకి ఇంకా చెప్పలేదు.