రెడ్డిగూడెంలో లేని టీచరమ్మ

ఏమోయ్ బుల్లిబాబూ, ఇంటర్నెట్టులో ఆడపిల్ల పేరు పెట్టుకుని ఊరందర్నీ ఏడిపిస్తున్నావటగా? ముసిముసి నవ్వులు చాల్లే, ఇటు తిరుగు. నీకంటే ముందే జగ్గయ్యపేట కృష్ణప్రియ ఆ పని చేసింది. అదీ చదువు కోసం!

కృష్ణప్రియ కిరాణా హోల్‌సేల్ వెంకటరత్నం గారి అమ్మాయి. రెండువేల ఆరులో ఎంఫిల్ చేస్తోంది. టీచర్లు ఇంటర్నెట్టులో ఒక గ్రూపు పెట్టుకున్నారు, పేరు సుద్దముక్క. అందులో చేరి, వాళ్ల మాటా మంచీ కనిపెట్టి, సిద్ధాంత గ్రంథం రాయాలి. "ముందు నువ్వెవరో చెప్పి, వాళ్లు ఒప్పుకుంటేనే రాయి" అన్నారు గైడు గారు. చెబితే నోళ్లు మూసుకుంటారని ఈ పిల్ల భయం. రెడ్డిగూడెం దగ్గర బడిలో టీచర్నని, పేరు భారతీదేవి అని రాసి మే నెలలో చేరిపోయింది. గైడు గారితో మాత్రం "ఒప్పుకున్నారండి" అంది.

గ్రూపు చూస్తే బంగారం. చింతగింజలతో కూడికలు, పాటలతో గుణింతాలు, ఎంతసేపూ పిల్లల గొడవే. నెట్ సెంటర్లో కూర్చుని అన్నీ నోటుబుక్కులో ఎక్కించుకునేది.

జులైలో ఆ గ్రూపులోని నందిగామ ప్రేమానందం మాస్టారు ఆమెకొక్కదానికే విడిగా ఉత్తరం రాశారు. ఎక్కం రాలేదని పుష్పవతి అనే పిల్లని బెత్తంతో కొట్టారట. ఆ పిల్ల బడి మానేసి పత్తిచేలో కలుపు తీతకు పోతోంది. మాస్టారు రోజూ సైకిలు మీద ఆ ఇంటిదాకా వెళ్లడం, గుమ్మం ఎక్కలేక తిరిగి రావడం. "మా ఆవిడక్కూడా చెప్పలేదు, భారతీదేవి గారూ" అని ముగించారు.

కృష్ణప్రియ పేర్లు మార్చి, ఆ ఉత్తరాన్ని మూడో అధ్యాయంలో పెట్టేసింది. గైడు గారు పక్కన పెన్సిలుతో "చాలా బాగుంది" అని రాశారు. అంతే, ఆ మాట చూసిన దగ్గర్నుంచీ ముద్ద గొంతు దిగదు. ఒక మనిషి ఏడుపుకి మార్కులు పడ్డాయి. ఆ పేజీ తీసేస్తే గ్రంథంలో పస లేదు, ఉంచితే తనకి నిద్ర లేదు. అప్పజెప్పడానికి పది రోజులే గడువు.

ఆదివారం కాగితాల కట్ట సంచిలో వేసుకుని నందిగామ బస్సెక్కింది. మాస్టారు అరుగు మీద పేపరు చదువుతున్నారు.

"మాస్టారూ, నేను భారతీదేవిని కాదండి. అసలు టీచర్నే కాదండి."

"కూచోమ్మా. ఆ ముక్క మాకు మే నెల్లోనే తెలుసు."

"ఎట్టా అండీ?"

"బదిలీల కౌన్సెలింగు నెలమ్మా అది! ఎవరికెన్ని పాయింట్లు, ఏ ఊరు ఖాళీ అని మేం కొట్టుకు చస్తుంటే, నువ్వొచ్చి 'బోధనలో మీకు తృప్తినిచ్చేదేంటి' అనడిగావు. సర్వీసులో ఉన్న ఏ టీచరన్నా మే నెల్లో అట్టా అడుగుద్దా?"

కృష్ణప్రియ అరుగు అంచున కూలబడింది.

"జిల్లా ఆఫీసు వాళ్లు దింపిన మనిషివనుకున్నాం. అసలు కబుర్లకి వేరే గ్రూపు పెట్టుకున్నాం. నీ ముందు మాత్రం వంతులేసుకుని మరీ పాఠాల గురించి రాశాం. చింతగింజలు నా వంతే!"

"మరి పుష్పవతి?"

మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "ఆఫీసు మనిషివనే చెప్పుకున్నా. మెమో వస్తే, శిక్ష పడితే, ఆ గుమ్మం ఎక్కే ధైర్యం వస్తుందేమోనని. రోజూ పోస్టుమాను కోసం చూశా. ఏదీ రాలా."

కృష్ణప్రియ కళ్లు తుడుచుకుని సంచిలోంచి కట్ట తీసింది. "తప్పయింది మాస్టారూ. నా ఎంఫిల్ గ్రంథంలో మీ ఉత్తరం పెట్టేశా, ఆ పేజీ మీ ముందే చించేస్తా."

"అది చించమాకమ్మా. నిజం అదొక్కటే. మిగతావి చించు!"