కొట్టువాళ్ళ డబ్బాలో

"కొట్టు పేరు పైకి కనిపించేలా చుట్టు," అన్నారు మా ఆయన, పేపర్లోంచి తలెత్తకుండా.

క్రిస్మస్ కానుకలు ప్యాక్ చేయడం ఏటా నా పనే. ఆ మాటకొస్తే లోపలున్నవి తయారుచేయడమూ నా పనే. తెగినవి అతికి, చిరిగినవి కుట్టి, వెలిసిపోయినవాటికి మెరుగుపెట్టి, ఆఖరికి వాటిని ఊళ్ళోకెల్లా పెద్ద కొట్టువాళ్ళ డబ్బాల్లో సర్దుతాను. ఖాళీ డబ్బాలు ఆఫీసులో అడిగి తెచ్చేది మాత్రం ఆయన. "ఇంట్లో చేసినవని తెలిస్తే పిసినారులమనుకుంటారు. నా పరువేం కాను?" అని పెళ్ళయిన ఏడాదే అన్నారు. తొమ్మిదేళ్ళయింది. అత్తగారు శాలువా కప్పుకుని, మామగారు తోలు కళ్ళజోడు పెట్టె జేబులో పెట్టుకుని "మావాడి ఎంపికే ఎంపిక" అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అందరి ముందూ "ఇది నేను చేశాను" అనాలని ఉంటుంది. అనను.

మా అత్తింట్లో కానుకలు పండక్కి వారం ముందే ఇచ్చుకుంటారు, నచ్చకపోతే కొట్లో మార్చుకోవచ్చని. నావి ఇంతవరకూ ఎవరూ మార్చుకోలేదు. ఆ గర్వం ఒక్కటీ నాకు దక్కింది.

ఈసారి ఆడపడుచుకి చేతిసంచీ. చెత్తబుట్టలోంచి తీసిన తోలు సంచీ అది. కుళ్ళిన లోపలి గుడ్డ పీకేసి కొత్తది వేశాను. అంచులన్నీ విప్పి, మా అమ్మ నేర్పినట్టు మైనం రాసిన దారంతో మళ్ళీ కుట్టాను. వంటకీ పిల్ల చదువుకీ మధ్య దొరికిన కాస్త కాస్త సమయంలో రెండు నెలలు పట్టింది. సూది రెండుసార్లు వేలిలో దిగింది. "నీకేం, ఇంట్లో కూర్చుని హాయిగా కుట్టుకుంటున్నావు," అన్నారు ఆయన, రెండోసారి దిగినప్పుడే.

పండగనాడు అందరూ భోజనాలకి కూర్చున్నారు. నేను కూర గిన్నెతో నిలబడి ఉన్నాను. ఆడపడుచు సంచీ తెచ్చి బల్లమీద పెట్టింది.

"అన్నయ్యా, నా పరువు తీశావు. నలుపు రంగైతే నా బూట్లకి నప్పుతుందని దీన్ని కొట్టుకి పట్టుకెళ్ళాను. ఇది మాది కాదన్నారు. డబ్బా చూపించి గొడవ పెట్టుకున్నాను కూడా. వాళ్ళ యజమానురాలు వచ్చి, సంచీ తిరగేసి పావుగంట చూసింది. 'ఇంత బాగా చేత్తో కుట్టేవాళ్ళు మా దగ్గరే లేరు. మరమ్మతు పనికి మనిషి కోసం వెతుకుతున్నాం. ఇది ఎవరు కుట్టారో చెప్పమ్మా, పనిస్తాను' అంది. అసలు ఎక్కడ కొన్నావు?"

"అదీ... ఇంకో కొట్టు. గుర్తులేదు," అంటూ ఆయన నావైపు చూశారు. ఆ చూపు నాకు కంఠతా వచ్చు. మాట్లాడకని.

గిన్నె బల్లమీద పెట్టాను.

"నేను కుట్టాను," అన్నాను. "ఇదొక్కటే కాదు. ఆ శాలువా, మామయ్యగారి కళ్ళజోడు పెట్టె, తొమ్మిదేళ్ళుగా మీకిచ్చినవన్నీ నేను చేసినవే."

అత్తగారు సంచీ దగ్గరకి లాక్కుని కొక్కెం తడిమారు. "ఇది నేను పారేసిన సంచీ కదూ?" అన్నారు. నేను తలూపాను. ఆవిడ తన శాలువా అంచు చూసుకున్నారు, నన్ను చూశారు, కొడుకువైపు తిరిగారు.

"అయితే ఇన్నేళ్ళూ మేం మెచ్చుకుంది ఎవర్నిరా?"

మామగారికి నవ్వొచ్చి పొలమారింది. మా ఆయన మంచినీళ్ళ గ్లాసు ఎత్తి దించలేదు. నాకు మాత్రం ఏనుగెక్కినంత సంబరంగా ఉంది.

"వదినా, మరి ఆవిడకేం చెప్పను?" అంది ఆడపడుచు.

"సోమవారం పొద్దున్నే వస్తానని చెప్పు."

"మరి ఇంట్లో పనో?" అన్నారు మా ఆయన.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గిన్నె ఆయన ముందుకి జరిపాను.

"మీరున్నారుగా. ముందు నాకు వడ్డించండి."