ఉప్పు తెలిసిన గరిటె

చదివేవాళ్ళు ముందు నన్ను మన్నించాలి. మా ఆయన పోయాక, తల నెరిశాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులు అక్కడక్కడ తప్పుతాయి. నేను ఒక వాక్యం పూర్తి చేసేలోపు పొయ్యి మీద అన్నం ఉడికిపోతుంది. మా బడి పంతులమ్మ ఏదైనా వస్తువు తన కథ తానే చెప్పుకుంటున్నట్టు రాయమంది. మిగతావాళ్ళు గొడుగు అన్నారు, గోడ గడియారం అన్నారు. నాకు మా గరిటె గుర్తొచ్చింది. ఇందులో వచ్చే కొర్లమ్మ నేనే. నా కథ నేను చెబితే కొన్ని దాచేస్తాను. గరిటె దాచదు. అందుకని దాన్నే చెప్పనిస్తున్నాను.

నేను ఒక కొబ్బరి చిప్ప గరిటెను. కాయను రెండుగా పగలగొడితే ఒక సగానికి మూడు కళ్ళుంటాయి, రెండో సగానికి ఉండవు. కళ్ళున్న సగం కారుతుందని దాన్ని పొయ్యిలో పెడతారు. కళ్ళు లేని సగాన్ని గరిటె చేస్తారు. కాబట్టి నేను పుట్టుగుడ్డిని. అయినా ఆ ఇంటి పొయ్యి దగ్గర నాకు తెలియకుండా జరిగింది ఏమీ లేదు.

నన్ను చేసినవాడు ఎర్రయ్య. ఎండాకాలంలో చేపలు గుడ్లు పెడతాయని సర్కారు వేట ఆపిస్తుంది. పడవలన్నీ ఇసుకలో బోర్లా పడుకుంటాయి. వలలు బాగుచేసుకోవడం కూడా అయిపోయాక ఎర్రయ్య చేతులు ఊరుకోలేక నన్ను మొదలుపెట్టాయి. చిప్పను గాజు పెంకుతో గీకాడు, తడి ఇసుకతో రుద్దాడు, నూనె పట్టించి వెదురు కాడ గుచ్చాడు. తీసుకెళ్ళి తల్లి పోలమ్మ చేతిలో పెట్టాడు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, "కాడ పొట్టిదైపోనాదిరా" అంది. ఆ తర్వాత బతికినంతకాలం ఇంకో గరిటె ముట్టుకోలేదు. మనుషులు కానుకలు పుచ్చుకునే పద్ధతి అదేనని నేను అప్పుడు నేర్చుకున్నాను.

ఆ ఒడ్డున ఆడవాళ్ళు చుట్ట కాలుస్తారు. అందరూ కాల్చినట్టు కాదు, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. బయటివాళ్ళు చూసి బెదిరిపోతారు కానీ దానికీ లెక్కుంది. సముద్రపు గాలికి నిప్పు ఆరదు. తల మీద చేపల తట్ట, రెండు చేతులూ తట్ట మీద, ఇక చుట్ట పట్టుకునేదెవరు? నోరే పట్టుకోవాలి. వంట చేసేటప్పుడు కూరలో బూడిద రాలదు. ఇది నేను సాక్ష్యం చెప్పగలను. ఆ ఇంటి పులుసులో ఒక్క నలుసు బూడిద పడలేదు. ఆ బూడిద ఎటు పోయేదో ఎవరూ అడగలేదు.

కొర్లమ్మ ఎర్రయ్యను పెళ్ళాడి ఆ ఇంటికి కొత్త కోడలిగా వచ్చినప్పుడు పన్ను సలుపుతుంటే పోలమ్మే చుట్ట చేతికిచ్చింది. "పెట్టుకో, నొప్పి లాగీస్తాది" అంది. నొప్పిని లాగిందో లేదో కానీ చుట్ట మాత్రం ఉండిపోయింది.

ఇక నా పని. వంట దించబోయే ముందు నాతో కాస్త పులుసు తీసి, అరచేతిలో పోసుకుని నాకుతారు. దాన్ని ఉప్పు చూడటం అంటారు. పోలమ్మ ఎప్పుడు చూసినా "ఇంకొంచెం ఎయ్యి" అనేది. కొత్తలో కొర్లమ్మ ఆ పులుసు తిని కళ్ళు తేలేసేది. చుట్ట అలవాటయ్యాక ఆమె కూడా "ఇంకొంచెం" అనసాగింది. నిప్పు తిన్న అంగిలికి ఉప్పు ఆనదు. నాకు నాలుక లేదు, కానీ నన్ను కడిగి ఎండబెడితే అంచు చుట్టూ తెల్లటి పూత కట్టేది. దాన్ని చూసి నేను లెక్క కట్టుకునేదాన్ని.

ఎర్రయ్య ఏనాడూ ఒక్క మాట అనలేదు. కొర్లమ్మ నీళ్ళకని వీధి కుళాయికి వెళ్ళినప్పుడు మాత్రం నన్ను చేతిలోకి తీసుకునేవాడు. ఎందుకో చివర చెబుతాను.

పోలమ్మ వెళ్ళిపోయింది. చివరి రోజుల్లో ఆమె నోట్లో పుండు. పలచని గంజి నాతోనే పోసేవాళ్ళు. సగం పెదవుల మీంచి తిరిగి వచ్చేది. నోటి పూత అన్నారు, దిష్టి అన్నారు. చుట్ట అని ఒక్కరూ అనలేదు. కొన్నేళ్ళకు కొడుక్కి పెళ్ళయి దమయంతి కోడలిగా వచ్చింది. ఆమె వచ్చిన కొన్నాళ్ళకే ఎర్రయ్య కూడా గుండెనొప్పితో పడవ దగ్గర కూలబడి మరి లేవలేదు. నేను కొర్లమ్మ చేతిలో మిగిలాను, కొర్లమ్మ చేతిలో చుట్ట మిగిలింది.

కొడుక్కి పెళ్ళయి దమయంతి కోడలిగా వచ్చింది. ఒక శ్రావణ మాసంలో బడి దగ్గరికి పళ్ళ డాక్టర్లు బండి వేసుకుని వచ్చారు. దమయంతి పరుగున వచ్చి, "అత్తా, బేగి రా, నోళ్ళు సూస్తన్నారు" అంది.

"పులుసు మీదుందే!"

"దించీసి రా అత్తా, పులుసెక్కడికీ పారిపోదు."

అలా చేతిలో నాతోనే వెళ్ళింది కొర్లమ్మ. చిన్న వయసు డాక్టరమ్మ లైటు వేసి చూస్తున్నంతసేపూ నేను ఆమె ఒళ్ళో ఉన్నాను. డాక్టరమ్మ లైటు ఆర్పి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అమ్మా, మీ అంగిట్లో తెల్లమచ్చ ఉంది, మధ్యలో ఎర్రచుక్కలున్నాయి. నిప్పు తగిలి తగిలి వచ్చింది. ఇంకా పుండు కాలేదు. చుట్ట పూర్తిగా మానేస్తే తగ్గే అవకాశం ఉంది. మానకపోతే క్యాన్సర్ కావచ్చు. దసరా వెళ్ళాక మళ్ళీ వస్తాం. అప్పటికి తగ్గకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి."

కొర్లమ్మ అడిగింది ఒకటే. "మా అత్తకీ ఇదేనా తల్లీ?"

డాక్టరమ్మకు వాళ్ళ అత్త ఎవరో తెలియదు. అయినా "అయ్యుండొచ్చమ్మా" అంది. నా కాడ మీద కొర్లమ్మ వేళ్ళు బిగుసుకున్నాయి. పోలమ్మ పెదవుల మీంచి కారిన గంజి మా ఇద్దరికీ గుర్తే.

మానడం అంటే ఏమిటో ఆ తర్వాత చూశాను. మనుషులు చుట్టను ఒక్కదాన్నే కాల్చరు. టీతో కాలుస్తారు, భోజనం అయ్యాక కాలుస్తారు, తోడికోడలితో కబుర్లలో కాలుస్తారు. డాక్టరమ్మ కూడా అదే చెప్పి పంపిందట. చుట్టను గుర్తుచేసే వాటిని ముందు మార్చమంది. పొద్దున్నే టీ తాగితే చుట్ట కావాలనిపిస్తుంది కాబట్టి దమయంతి టీ ఆపేసి చోడంబలి, అదే రాగి అంబలి, కాచింది. అందులో మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ. అది పోసే పని నాకు వచ్చింది. భోజనం కాగానే నోరు పుక్కిలించి, కూర్చోకుండా ఒడ్డున చేపల ఐసు గది దాకా నడిచి రావాలి. వారానికోసారి కనిపించే తోటకూర, మునగాకు రోజూ వచ్చేశాయి. మధ్యమధ్య జామకాయ, కడుపు నిండా మంచినీళ్ళు. చుట్ట కూర్చునే చోట బుగ్గలో ఎండు ఉసిరిక ముక్క.

మొదటి రోజుల్లో కొర్లమ్మ అందరినీ తిట్టింది. జామకాయను తిట్టింది. నన్ను పొయ్యి గట్టుకేసి కొట్టింది. నా అంచున చిన్న బీట అప్పటిదే. నాకు కోపం లేదు. ఆ రోజు ఆమె దేన్నో ఒకదాన్ని కొట్టాలి, కోడలు పక్కనే ఉంది.

తోడికోడలు నీలమ్మ గుమ్మంలో చతికిలబడి ఉడికించేది. ఆమె కూడా అడ్డపొగే. కాల్చగా మిగిలిన ముక్క చెవి మీద పెట్టుకుని తిరిగేది.

"ఏటే అప్పా, మేకలాగ ఆకులు మేస్తన్నావంట?"

"మేస్తన్నాను. నువ్వు పొయ్యిలాగ పొగొగ్గుతున్నావు. ఎవులు నయం?"

"ఆ డాక్టరమ్మ నిన్నగాక మొన్న పుట్టిన గుంట. దానికేటి తెలుసే సుట్ట సంగతి?"

ఇంకో సాయం అనుకోకుండా వచ్చింది. ఊళ్ళో పెద్దవాళ్ళకు చదువు చెప్పే బడి ఒకటి తెరిచారు. కొర్లమ్మ చేరింది. అక్కడ గట్టిగా చదవాలి. నోట్లో నిప్పు పెట్టుకుని ఎవరూ గట్టిగా చదవలేరు. ఇంట్లో అంబలి కలుపుతూ నన్ను ఊపుతూ "పడవ, వల, తెరచాప" అని అరిచేది. ఇన్నేళ్ళు మూసుకున్న నోరు కదా, తెరుచుకున్నాక ఊరుకోలేదు.

అయినా ఒకరోజు జారింది. చేపలు అమ్ముడుపోక, విసుగ్గా వచ్చి కూర్చుంటే నీలమ్మ చెవి మీది ముక్క తీసి వెలిగించి అందించింది. అప్పుడే జామకాయ తిని, చల్ల తాగి ఉంది కొర్లమ్మ. ఒక్క దమ్ము లాగి, మొహం చిట్లించి బయటికి ఊసేసింది. "థూ, కాలిన గోనెసంచి రుచే ఇది! ఎన్నాళ్ళు తిన్నానే దీన్ని?" నీలమ్మ ఆ ముక్కను ఇసుకలోంచి ఏరి, తుడిచి, మళ్ళీ చెవి మీద పెట్టుకుంది. వాళ్ళ స్నేహానికి ఏమీ కాలేదు.

దసరా దగ్గరపడింది. కొర్లమ్మ చేపల పులుసు పెట్టి, చేయి అలవాటు కొద్దీ ఎప్పుడూ వేసే ఉప్పే వేసి, నాతో తీసి అరచేతిలో పోసుకుని నాకింది. వెంటనే ఉమ్మేసింది. పులుసుతో సహా నన్ను పట్టుకుని తిన్నగా జగ్గారావు కిరాణా కొట్టుకు నడిచింది.

"ఏటి జగ్గారావూ, ఈ కొత్త ఉప్పేటి ఇంత ఉప్పగా ఉంది? ఏటి కలుపుతన్నావు?"

జగ్గారావు తూకం ఆపి చూశాడు. "ఉప్పు ఉప్పగా నేకపోతే పంచదారలాగ ఉంటాదేటి పిన్నీ?"

"నాకు ఎకసెక్కాలొద్దు. ఇదిగో, నాకి సూడు!"

అతను వేలితో రుచి చూసి నీళ్ళ చెంబు అందుకున్నాడు. "ఉప్పులో ఏటీ నేదు పిన్నీ. నువ్వే గుప్పెడు గుమ్మరించినావు." పక్కనే ఉన్న నీలమ్మ నన్ను లాక్కుని మిగిలినదంతా తాగేసింది. పెదవులు తుడుచుకుని, "బాగానే ఉందే అప్పా. ఇంకొంచెం ఎయ్యాల" అంది.

కొర్లమ్మ నీలమ్మ మొహం చూసింది, చెవి మీది చుట్టముక్క చూసింది. ఇంటికి వచ్చి దమయంతితో మెల్లగా అంది, "ఉప్పు మారనేదు కదే?"

"మారనేదత్తా. నీ నోరు మారినాది."

దసరా వెళ్ళాక బండి వచ్చింది. కొర్లమ్మ నన్ను కొంగులో చుట్టుకుని బయల్దేరింది. "మొదటిసారి దీంతోనే ఎల్లినాను" అంది, అంతే. కుర్చీలో నోరు తెరిచి కూర్చుంది. డాక్టరమ్మ ఇటు నుంచి చూసింది, అటు నుంచి చూసింది, ఇంకొకరిని పిలిచి చూపించింది.

"బాగా తగ్గిందమ్మా. ఎర్రచుక్కలు పోయాయి. తెల్లమచ్చ అంచున కొంచెమే ఉంది. ఇప్పుడు ముక్క తీయక్కర్లేదు. చుట్ట జోలికి మాత్రం పోవద్దు. మళ్ళీ వేసవిలో చూస్తాను."

కొర్లమ్మ నోరు మూయడం మరిచిపోయింది. డాక్టరమ్మ నవ్వి, "ఇక మూసుకోవచ్చమ్మా" అంది. దారంతా నన్ను గట్టిగా పట్టుకుని, ఎదురొచ్చిన ప్రతివాళ్ళకూ అంగిలి చూపించింది. బల్ల మీద తన వంతు కోసం కూర్చున్న నీలమ్మకు కూడా చూపించింది. అవును, నీలమ్మ కూడా వచ్చింది. ఊరికే తోడొచ్చానంది. చెవి మీది ముక్కను మాత్రం తలపాగాలో కాసు దాచినట్టు కొంగుముడిలో దాచింది.

ఇంటికి వచ్చి కొర్లమ్మ పులుసు పెట్టింది, ఈసారి కొత్త నోటితో. తర్వాత నీళ్ళకని గుమ్మం దాటింది. దాటగానే దమయంతి నన్ను తీసి గంజి కుండలో ముంచి, పులుసు కుండ మీదికి తెచ్చింది. అక్కడ ఆగింది. రెండో చేతి వేలితో పులుసు రుచి చూసి, నన్ను మళ్ళీ గంజి కుండ వైపు తిప్పింది.

బిందె మరిచిపోయి వెనక్కి తిరిగిన కొర్లమ్మ, గుమ్మంలోంచి ఇదంతా చూసింది.

"ఏటే అది?"

దమయంతి దొరికిపోయినట్టు నిలబడింది. "అలవాటత్తా. నువ్వటెల్తే ఇటు ఒక గరిటెడు గంజి కలిపీసీదాన్ని. ఉప్పు ఇరుగుతాదని. మావఁ సెప్పినాడు. నానొచ్చిన కొత్తలో, నువ్వు నీళ్ళకెల్లినప్పుడు ఈ గరిటి నా సేతికిచ్చి సూపించినాడు. నీకు సెప్పొద్దన్నాడు. 'దాని నోరు కాలిపోనాది, మనసెందుకు కాల్చడం' అన్నాడు."

చివర చెబుతానన్నది ఇదే. ఇన్నేళ్ళూ ఆ గంజి మోసింది నేనే.

కొర్లమ్మ పొయ్యి దగ్గర కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ముందు నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. "ఇయ్యిలా" అని చేయి చాచి, నాలో ఉన్న గంజిని చుక్క మిగల్చకుండా తాగింది.

"సప్పగా ఉందే" అంది.

అది నిజమే. చాలా ఏళ్ళ తర్వాత ఆ నోరు చెప్పిన మొదటి సరైన మాట అది.

ఇప్పుడు పులుసుకు స్టీలు గరిటె వచ్చింది. నా బీట పెరిగింది. వేడివి నాతో కలపరు, పొద్దున చల్లారిన అంబలి మాత్రం నాతోనే పోస్తారు. మిగతా వేళంతా గూటి పక్కన మేకుకు వేలాడుతూ ఉంటాను. నా అంచు ఆరాక కూడా నల్లగానే ఉంటోంది. తెల్లపూత ఎక్కడా లేదు.

— సూరాడ కొర్లమ్మ. వయసు అరవై మూడని కార్డులో ఉంది. కొడుకు, కోడలితో శ్రీకాకుళం జిల్లా గవ్వలపాలెంలో, సముద్రం పక్కనే ఉంటున్నాను.