ఏ కాలు?

విద్యార్థుల మార్పిడి అంటారు దీన్ని. ఏడాదిపాటు మా అమ్మాయి పైదేశంలో ఒకరింట్లో ఉండి అక్కడి బడిలో చదువుతుంది, వాళ్ళమ్మాయి మా ఇంట్లో ఉండి ఇక్కడ చదువుతుంది. ఇద్దరికీ పదహారేళ్ళే. నేను ముందుగదిలో మిషను పెట్టుకుని ప్యాంట్లు కురచ చేసి, జిప్పులు మార్చే మనిషిని. మా ఆయన బస్సు డ్రైవరు. పిల్లని పైదేశం పంపి చదివించే తాహతు మాకెక్కడిది? ఈ దారి ఒకటుందని తెలిసిన రోజు మా అమ్మాయి ఎగిరి గంతేసింది.

వచ్చిన పిల్లని మేం గువ్వ అని పిలుచుకున్నాం. తెలుగు నేర్చుకునే వచ్చింది, కానీ ప్రతి మాటనీ గుండీని తిప్పి చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసేది. మొదటివారంలోనే గుమ్మం దగ్గర నిలబడి "పోతున్నాను" అంది.

"అలా అనకూడదే తల్లీ! బయటికి వెళ్ళేటప్పుడు వస్తాను అనాలి."

"వెళ్తూ వస్తాననాలా?" అని పకపకా నవ్వింది. మర్నాటి నుంచి సంచి భుజాన వేసుకుని "వస్తాను అమ్మా" అనకుండా గడప దాటలేదు. నా నోరు ఊరుకోదు కదా, దాని ప్రతి తప్పూ దిద్దేదాన్ని.

మొన్న శుక్రవారం బడి వదిలినా రాలేదు. ఫోన్ ఎత్తదు. చీకటి పడింది. సందు చివరిదాకా పిచ్చిదానిలా తిరిగాను. తీరా చూస్తే స్నేహితురాలింటి నుంచి ఐస్‌క్రీం తింటూ తాపీగా వస్తోంది! ఒళ్ళు మండిపోయింది.

"ఇంకోసారి చెప్పకుండా తిరిగావంటే కాళ్ళు విరగ్గొట్టి మూల కూర్చోబెడతా!"

మా అమ్మాయిని రోజుకి పదిసార్లు అనేదాన్ని ఆ మాట. అది "సర్లే, ముందు అన్నం పెట్టు" అనేది. గువ్వ తినకుండానే పడుకుంది.

పొద్దున్నే మిషను పక్కకి వచ్చి నిలబడి, మెల్లగా అడిగింది.

"ఏ కాలు, అమ్మా?"

నాకు నవ్వు ఆగలేదు. "రెండూనే, పిచ్చి మొద్దూ!" అన్నాను.

ఆ నవ్వే కొంప ముంచింది. నవ్వుతూ రెండు కాళ్ళూ అంటే ఆ పిల్ల ఏమనుకుని ఉంటుంది!

సోమవారం పొద్దున మార్పిడి ఆఫీసాయన వచ్చాడు. కాఫీ వద్దన్నాడు.

"మీరు పిల్ల కాళ్ళు విరగ్గొడతానన్నారా?"

"అన్నాను."

"రెండూనా?"

"అయ్యో రామా! మీ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదా ఆ మాట?"

"మా అమ్మ ఇప్పటికీ అంటుంది," అని నిట్టూర్చాడు. "నాకర్థమైంది లెండి. కానీ ఫోన్‌లో వాళ్ళమ్మ దగ్గర ఆ అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చిందట. తను ఉంటానంటే సరే. లేదంటే మార్పిడి రద్దవుతుంది. అక్కడ మీ అమ్మాయి కూడా చదువు ఆపి వచ్చేయాల్సిందే."

గువ్వని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"నీ చొక్కాకి గుండీలు కుట్టిన చేతులే కదే ఇవి! నిన్ను కొడతానా? నువ్వు కనపడక భయమేసి అన్నానే తల్లీ!"

"అర్థమైంది," అంది. కానీ కాళ్ళు రెండూ కుర్చీ కిందికి లాక్కుంది.

"నీ ఇష్టం పాపా. ఇక్కడే ఉంటావా?" అన్నాడాయన.

గువ్వ లేచి సంచి భుజాన వేసుకుంది. నావైపు చూసి, "వస్తాను అమ్మా" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశారా! బడికి వెళ్తోంది! సాయంత్రం వస్తానంటోంది!" అని ఆయన మీద అరిచినంత పని చేశాను.

"కాదమ్మా," అంది గువ్వ కళ్ళు తుడుచుకుంటూ. "వెళ్ళేటప్పుడు అలాగే అనాలన్నారు కదా."

దిద్దడానికి అందులో ఒక్క తప్పూ లేదు.

మధ్యాహ్నం మా అమ్మాయికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఏదో ఒకటి అనవే, తిట్టనైనా తిట్టవే అని బతిమాలాను.

"చిన్నప్పట్నుంచీ అంటూనే ఉన్నావు," అంది చివరికి. "ఇప్పటికి విరగ్గొట్టావమ్మా."